బీఎస్-6 లారీ సర్వీసు: షోరూంలో ఏది చేయించాలి, ఆటోనగర్‌లో ఏది చాలు?

ఆరుటైర్ల_బండి

నమస్తే అందరికీ. బండి 2022 మోడల్ లారీ, బీఎస్-6 (పొగ నియంత్రణ ప్రమాణం), ఆరు టైర్లు, 18.5 టన్నుల జీవీడబ్ల్యూ (సరుకుతో కలిపి మొత్తం బరువు). రీడింగు 2,38,000 కిలోమీటర్లు. వారంటీ అయిపోయింది. సగం రోజులు తాండూరు నాపరాయి, సిమెంటు. మిగతా రోజులు పటాన్‌చెరు, మేడ్చల్ గోదాముల సరుకు విజయవాడ రోడ్డు మీద. పగటిపూట పెద్ద బండ్లను హైదరాబాద్ సిటీలోకి వదలరు కాబట్టి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర నిలబడి ఉండే గంటలు బాగా ఎక్కువ. అప్పుడు కూడా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది.

షోరూం వాళ్లు ఇచ్చిన ఎస్టిమేట్‌లో ఇవి ఉన్నాయి: ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, రెండు డీజిల్ ఫిల్టర్లు, ఎయిర్ ఫిల్టర్, గేర్ బాక్సు ఆయిల్, హౌసింగ్ (వెనక యాక్సిల్ గేర్ల డబ్బా) ఆయిల్, హబ్ (చక్రం నడిమి బేరింగుల) గ్రీజు, టాపెట్ (ఇంజిన్ వాల్వుల గ్యాపు) సెట్టింగ్, బ్రేక్ చెకప్, ఎయిర్ డ్రయర్ (బ్రేకు గాలిలో తేమ తీసేది) కార్ట్రిడ్జ్, కూలెంట్, స్కానింగ్ (ఇంజిన్ కంప్యూటర్ చదవడం). మొత్తంలో దాదాపు మూడో వంతు లేబరే. ఆటోనగర్‌లో మేస్త్రీ స్కానింగ్ తప్ప మిగతావన్నీ సగం లేబర్‌కే చేస్తానంటున్నాడు. వీటిలో షోరూంకు డబ్బు పెట్టాల్సినవి ఏవి? బయట చేయించుకుంటే నష్టం లేనివి ఏవి? కారణంతో సహా చెప్పండి.

ఫీలర్_గేజ్

అన్నా, ఎస్టిమేట్‌లో ఒక్కో లైను పక్కన ఈ ప్రశ్న రాసుకోండి: ఈ పని సరిగ్గా జరిగిందో లేదో నేను పక్కన నిలబడి తేల్చుకోగలనా? తేల్చుకోగలిగిన పని ఎక్కడైనా చేయించవచ్చు. కంప్యూటర్ చెబితే తప్ప తెలియని పనికి షోరూంకే వెళ్లాలి. మీ లిస్టును ఈ లెక్కన విడదీస్తే షోరూంకు మిగిలేది నిజానికి ఒక్క స్కానింగే. కానీ బయట చేయించే పనుల్లో ఒక్కోదానికి ఒక్కో కిటుకు ఉంది. అది తెలియకపోతే మిగిలిన లేబర్ కంటే పోయేది ఎక్కువ.

ఇంజిన్ ఆయిల్ బయటే మార్చండి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బండికి మీ మాన్యువల్‌లో ఉన్న గ్రేడే వేయాలి, మామూలుగా ఏపీఐ సీకే-4, 15డబ్ల్యూ-40 అని ఉంటుంది. పాత బీఎస్-4 బండ్లకు వాడే సీఐ-4 ప్లస్ డ్రమ్ము మేస్త్రీ దగ్గర తెరిచి ఉంటుంది, "అన్నీ ఒకటే" అంటాడు. ఒకటి కాదు. సీకే-4లో బూడిదకు 1 శాతం హద్దు ఉంది. ఇంజిన్ కొద్దికొద్దిగా తాగే ఆయిల్‌లోని బూడిద డీపీఎఫ్‌లో చేరి అక్కడే ఉండిపోతుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ దింపండి. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేయించండి. పోశాక రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపి, సమతలం మీద పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. పై గీత దాటకూడదు. "ఒక లీటరు ఎక్కువుంటే మంచిదే" అనే మాట తప్పు. ఎక్కువైన ఆయిల్ క్రాంక్ తగిలి నురగ కడుతుంది, బ్రీదర్ గుండా పైకి వెళ్లి మళ్లీ డీపీఎఫ్‌లోకే చేరుతుంది.

డీజిల్ ఫిల్టర్ల దగ్గర మాత్రం కళ్లు తిప్పకుండా నిలబడండి. కామన్ రైల్‌లో (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలో) ప్రెషర్ 1,600 బార్ దాకా, ఆపైనా వెళ్తుంది, ఇంజెక్టర్ లోపలి సందులు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండవు. ఆటోనగర్‌లో ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే, కొత్త ఫిల్టర్ విప్పి డబ్బాలోని డీజిల్‌తో నింపి బిగిస్తారు, స్టార్టింగ్ తొందరగా దొరుకుతుందని. మొదటి ఫిల్టరుకు, అంటే నీళ్ల గిన్నె ఉన్నదానికి, అలా చేస్తే పెద్ద నష్టం లేదు, దాని తర్వాత ఇంకో ఫిల్టర్ ఉంది. రెండో ఫిల్టరులో వడకట్టని డీజిల్ పోస్తే ఆ దుమ్ము నేరుగా పంపు లోపలికి, ఇంజెక్టర్ల లోపలికి వెళ్తుంది. దాన్ని ఖాళీగానే బిగించి హ్యాండ్ ప్రైమర్‌తో గట్టిపడేదాకా కొట్టాలి. అరవై, డెబ్బై సార్లు కొట్టాల్సి వచ్చినా ఓపిక పట్టండి. ఎయిర్ తీయడానికి ఇంజెక్టర్ల దగ్గర హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేయడం పాత ఇన్‌లైన్ పంపుల కాలం అలవాటు. ఈ ఇంజిన్‌లో తిరుగుతుండగా అలా చేస్తే ఆ డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఎవర్నీ చేయనివ్వొద్దు.

నీళ్ల గిన్నెను మాత్రం సర్వీసు దాకా ఆపకండి. వానాకాలంలో వారానికి రెండుసార్లు, మిగతా రోజుల్లో వారానికోసారి పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, అడుగు కాక్ తిప్పి గాజు గ్లాసులో పట్టండి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. ఒక్కో ఇంజెక్టరు ధర ఐదంకెల్లో ఉంటుంది. దాన్ని పాడుచేసేది ఎక్కువగా ఆ గ్లాసు అడుగున కనబడే నీళ్లే.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో మీది నాపరాయి, సిమెంటు దుమ్ము, కాబట్టి డ్రైవర్లు వారానికోసారి తీసి గాలి కొడుతుంటారు. మంచి ఉద్దేశమే, కానీ తీసిన ప్రతిసారీ కొంత దుమ్ము శుభ్రంగా ఉండే పక్కకు రాలుతుంది. డాష్‌బోర్డులో గానీ పైపు మీద గానీ ఉన్న ఇండికేటర్ ఎర్రబడితేనే తీయండి. కొడితే లోపలి నుంచి బయటికి కొట్టాలి, 2 బార్ దాటకూడదు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి నేరుగా పెడితే కాగితం సన్నగా చిరుగుతుంది, కంటికి కనబడదు. లోపలి చిన్న ఎలిమెంట్‌ను ఎప్పుడూ దులపకూడదు, మూడోసారి పెద్దది మార్చినప్పుడు దాన్నీ మార్చేయాలి. ఫిల్టర్ తర్వాత టర్బో దాకా వెళ్లే రబ్బరు పైపులో వేలు పెట్టి తుడిచి చూడండి. వేలికి దుమ్ము అంటితే ఫిల్టర్ కొత్తదైనా లాభం లేదు, ఎక్కడో క్లిప్పు వదులైంది.

గేర్ బాక్సు, హౌసింగ్ ఆయిల్ బయట చేయించండి, ఒకటే షరతు: ముందు పైన నింపే బోల్టు విప్పించండి, అది వచ్చాకే అడుగుది విప్పాలి. కింద దించేశాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే ఉంటుంది. రెండింటికీ ఒకే ఆయిల్ పోయనివ్వొద్దు. హౌసింగ్‌లోని క్రౌన్, పినియన్ గేర్లకు జీఎల్-5 గ్రేడు ఆయిల్ కావాలి. అందులోని గంధకం రసాయనాలు గేర్ బాక్సులోని ఇత్తడి సింక్రో రింగులను తింటాయి, అందుకే గేర్ బాక్సుకు చాలాచోట్ల జీఎల్-4 రాసి ఉంటుంది. బోల్టు అయస్కాంతానికి బురదలాంటి పొడి అంటుకుంటే మామూలే. గోరుతో పట్టుకోగల ముక్క దొరికితే ఆయిల్ పోసి పంపించేయకండి, తెరిపించండి. హౌసింగ్ మీది బ్రీదర్ మూసుకుపోయి ఉంటే కొత్త సీలు వేసినా మళ్లీ కారుతుంది. రాయి దుమ్ములో తిరిగే బండికి ఇది తప్పకుండా చూడాలి.

టాపెట్ సెట్టింగుకు చేయి తిరిగిన మేస్త్రీ ఉంటే బయటే మేలు. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. పొద్దున బండి వచ్చిన వెంటనే కవర్ విప్పేవాడి దగ్గర చేయించకండి. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ గ్యాపు వేరువేరు, మాన్యువల్ పేజీ ఫోటో తీసి చేతికివ్వండి. మీ బండి ఎగ్జాస్ట్ బ్రేక్ వాల్వుల దగ్గరే పనిచేసే రకమైతే దానికి మూడో గ్యాపు ఉంటుంది. అది తెలియని చోట చేయించవద్దు.

షోరూంకు డబ్బు పెట్టాల్సింది స్కానింగుకు, ఇంజిన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు, ఇంజెక్టర్ మార్చినప్పుడు కోడ్ ఎక్కించడానికి. ప్రతి ఇంజెక్టర్ మీద ఒక కోడ్ చెక్కి ఉంటుంది, దాన్ని ఏ సిలిండరుకు వేశారో ఆ సిలిండరు పేరున ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటరులో) రాయాలి. రాయకపోతే బండి నడుస్తుంది, కానీ డీజిల్ కొలత తప్పి మసి పెరుగుతుంది. పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం పంపు, దాన్ని చిమ్మే డోసింగ్ ఇంజెక్టర్, నాక్స్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్ల) సెన్సార్లు, డీపీఎఫ్‌కు సంబంధించినవి కూడా అక్కడే.

మేడ్చల్_ఫ్లీట్

పైన చెప్పినదాంట్లో ఒకచోట నాకు తేడా ఉంది. ఇంజిన్ ఆయిల్ ఎక్కడ మార్పించాలన్నదాని కంటే ఎప్పుడు అన్నది మీకు ముఖ్యం. మాన్యువల్‌లో ఉన్న కిలోమీటర్లు హైవే మీద ఆగకుండా నడిచే బండి లెక్క. మీరు ఔటర్ దగ్గర గంటలకొద్దీ ఇంజిన్ ఆన్‌లో ఉంచుతున్నారు, ఆ గంటలు ఓడోమీటరులో పడవు. ఒక గంట ఐడ్లింగును (బండి కదలకుండా ఇంజిన్ తిరగడాన్ని) 40 నుంచి 50 కిలోమీటర్ల పరుగుగా లెక్కవేయడం ఫ్లీట్‌లలో ఉన్న పద్ధతి. రోజుకు నాలుగు గంటలు, నెలకు 25 రోజులు అనుకుంటే 100 గంటలు. అంటే నెలకు 4,000 నుంచి 5,000 కిలోమీటర్లు మీరు లెక్కలో వేసుకోకుండా నడుపుతున్నారు. క్లస్టర్‌లో (మీటరు బోర్డులో) ఇంజిన్ అవర్స్ ఉంటే ఫోటో తీసి నెలనెలా రాసుకోండి.

రెండోది, షోరూంకు వెళ్లేటప్పుడు "సర్వీసుకు తెచ్చా" అనకండి. జాబ్ కార్డులో మీకు కావాల్సిన పనే రాయించండి: "ఫాల్ట్ కోడ్‌లు చదవాలి, ఇంజెక్టర్ కరెక్షన్ వాల్యూలు, డీపీఎఫ్ మసి, బూడిద లోడు, రెండు నాక్స్ సెన్సార్ల రీడింగు ప్రింట్ ఇవ్వాలి, సాఫ్ట్‌వేర్ పెండింగ్ ఉంటే చెప్పాలి". దీనికి ఒక లేబర్ లైను పడుతుంది, అంతే. కోడ్‌లు క్లియర్ చేసే ముందే ప్రింట్ తీయమని చెప్పండి. క్లియర్ చేశాక ఆ తప్పు ఏ స్పీడులో, ఏ లోడులో వచ్చిందన్న వివరం కూడా పోతుంది. ఆ కాగితం తీసుకుని ఆటోనగర్‌కు వెళ్తే మేస్త్రీకి కూడా దారి దొరుకుతుంది. విప్పిన పాత పార్టులు తిరిగి ఇమ్మని కార్డు మీదే రాయించండి.

వారంటీ ఉన్న బండి వాళ్లకు ఈ చర్చ వర్తించదు. వారంటీ బుక్కులో ఏ సర్వీసు ఎక్కడ చేయించాలో రాసి ఉంటుంది, దాని ప్రకారం పోండి, బిల్లులు దాచండి. మీకు వారంటీ అయిపోయింది కాబట్టి ఏఎంసీ (ఏడాది సర్వీసు కాంట్రాక్టు) ఆఫర్ వస్తుంది. దానికి సంతకం పెట్టేముందు మినహాయింపుల పేజీ చదవండి. క్లచ్ ప్లేటు, బ్రేక్ లైనర్లు, రబ్బరు పార్టులు, "ఇంధన కల్తీ వల్ల" పాడైన ఇంజెక్టర్లు చాలా కాంట్రాక్టుల్లో ఉండవు. మీ బండికి నిజంగా ఖర్చయ్యేవి అవే అయితే ఏఎంసీతో మిగిలేది ఆయిల్ సర్వీసే, అది మీరు ఎలాగూ బయట తక్కువలో చేయించుకుంటారు.

ఎయిర్_ట్యాంక్

బ్రేక్ చెకప్ గురించి విడిగా రాస్తా, ఎస్టిమేట్‌లో అది ఒక్క లైనే గానీ దానికింద ఉన్న పని పెద్దది. షోరూం అయినా బయట అయినా "చెకప్" పేరుతో టార్చి వేసి చూసి టిక్కు పెట్టడం జరుగుతుంది. మీరే కొలవగలిగినవి ఇవి.

గాలి నింపండి, గేజి 8 బార్ దగ్గర కటాఫ్ అయ్యాక ఇంజిన్ ఆపండి. చక్రాలకు దిమ్మెలు పెట్టి హ్యాండ్ బ్రేక్ రిలీజ్ చేయండి. ఒక మనిషి పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. నిమిషానికి 0.2 బార్ కంటే ఎక్కువ పడిపోతుంటే లీకు ఉన్నట్టే. అప్పుడు సబ్బు నురగతో బూస్టర్లు (గాలితో బ్రేకు నొక్కే చాంబర్లు), ఫుట్ వాల్వు, రిలే వాల్వు, రబ్బరు పైపుల కొనలు చూడండి. తర్వాత కింద దూరి, పెడల్ వదిలినప్పుడు బూస్టర్ పుష్ రాడ్ మీద చాక్‌పీసుతో గీత పెట్టి, తొక్కినప్పుడు అది ఎంత బయటికి వచ్చిందో కొలవండి. మామూలు స్ట్రోక్ బూస్టర్లలో టైప్ 30కి 51 మిల్లీమీటర్లు, టైప్ 24కి 44 మిల్లీమీటర్లు హద్దు. నంబరు బూస్టర్ మీదే ఉంటుంది. ఆ హద్దుకు దగ్గరైతే పెడల్ మామూలుగానే అనిపిస్తుంది, కానీ డ్రమ్ము వేడెక్కి పెద్దదైనప్పుడు రాడ్‌కు ఇక జరగడానికి చోటుండదు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పోవడం ఎక్కువగా ఇలాగే జరుగుతుంది. ఎడమ, కుడి కొలతలు కూడా దగ్గరగా ఉండాలి.

ఆటో స్లాక్ అడ్జస్టర్ (బ్రేకు గ్యాపు సర్దే మీట) ఉన్న బండికి మేస్త్రీ ప్రతిసారీ స్పానర్ పెట్టి "బ్రేకు ఎత్తుతుంటే" ఆపండి. అది తనంతట తాను సర్దుకోవాలి. సర్దుకోవడం లేదంటే అడ్జస్టరైనా పోయి ఉండాలి, క్లెవిస్ పిన్ను, కామ్ బుష్‌లైనా అరిగి ఉండాలి. చేత్తో ఎత్తితే అసలు జబ్బు దాగిపోతుంది, రెండు వారాలకు మళ్లీ అదే పరిస్థితి.

ఎయిర్ డ్రయర్ కార్ట్రిడ్జ్ బయట మార్పించడం సులువు. ముందు గాలి మొత్తం దింపాలి, పాతది విప్పి, సీలుకు పల్చగా గ్రీజు రాసి, కొత్తది చేత్తో బిగించాలి. అంతకంటే ముందు ట్యాంకు కింది కాక్ లాగి ఏం వస్తుందో చూడండి. నీళ్లు మాత్రమే వస్తే కార్ట్రిడ్జ్ అయిపోయింది. పాలలా తెల్లగా, జిడ్డుగా వస్తే కంప్రెసర్ ఆయిల్ తోస్తోంది. అప్పుడు కార్ట్రిడ్జ్ ఒక్కటే మారిస్తే కొన్ని నెలల్లో అదీ పోతుంది, ఆ ఆయిల్ వాల్వుల రబ్బర్లను ఉబ్బిస్తుంది కూడా.

వెనక చక్రాల డబుల్ బూస్టరు, అంటే హ్యాండ్ బ్రేక్ స్ప్రింగ్ ఉన్నది, లీక్ అయితే దాని స్ప్రింగు వైపు క్లాంపును ఎవరితోనూ విప్పించకండి. లోపలి స్ప్రింగ్ వందల కిలోల బలంతో నొక్కి ఉంటుంది, విడుదలైతే మనిషి ప్రాణం తీస్తుంది. చక్రాలకు దిమ్మెలు పెట్టి, రిలీజ్ బోల్టుతో స్ప్రింగును లోపలికి బిగించి, మొత్తం బూస్టరునే మార్చాలి. రిపేరు కిట్టు వేస్తానన్న చోట పని ఇవ్వొద్దు. తుప్పు పట్టి రిలీజ్ బోల్టు తిరగకపోతే దాన్ని విప్పే ప్రయత్నమే వద్దు, అలాంటప్పుడు షోరూంకు పంపండి, అక్కడి లేబర్ ఇచ్చేయండి.

లైనర్లు మారిస్తే యాక్సిల్ మొత్తానికి, రెండు వైపులా ఒకే కంపెనీవి. ఎడమ ఒకటి, కుడి ఒకటి వేస్తే పట్టు తేడా వచ్చి బండి గుంజుతుంది. హబ్ గ్రీజు అదే రోజు చేయించండి, ఎలాగూ డ్రమ్ములు విప్పి ఉంటాయి. పాత గ్రీజు మీద కొత్తది పూయడం కాదు, బేరింగ్ డీజిల్‌తో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, రోలర్ల మధ్యలోకి దిగేలా అరచేతిలో నొక్కి నింపాలి. కప్పుల మీద నీలం మచ్చలున్నా, గుంటలున్నా మార్చేయాలి. నట్టు బిగించేటప్పుడు హబ్ తిప్పుతూ బిగించి, తర్వాత మాన్యువల్ చెప్పినంత వెనక్కి తిప్పాలి. ఆట ఎంత ఉందో డయల్ గేజితో చూసే షాపు ఆటోనగర్‌లో దొరికితే దాన్ని వదలకండి.

ఆరుటైర్ల_బండి

ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్ అన్నలూ. రెండు విషయాలు ముందే చెప్పాల్సింది. ఒకటి, ఈ నెలలో డీపీఎఫ్ లైటు నాలుగైదు రోజులకోసారి వస్తోంది. డ్రైవరు నిలబెట్టి రీజెన్ (మసి కాల్చే) బటన్ నొక్కితే పోతుంది, మళ్లీ వస్తుంది. రెండోది, యూరియా రోడ్డు మీద డ్రమ్ముల్లో లూజుగా తక్కువ ధరకు దొరుకుతోంది, అప్పుడప్పుడు అదే పోయిస్తున్నాం. కూలెంట్ మార్చడం అవసరమా, నీళ్లు కలిపితే చాలా?

రాణిగంజ్_కౌంటర్

యూరియా సంగతి ముందు. ఆ లూజు డ్రమ్ము ఈ రోజే మానేయండి. బండికి కావాల్సింది ఐఎస్ఓ 22241 ప్రకారం తయారైనది: 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. పొలాల యూరియాకు మన దేశంలో వేప నూనె పూత ఉంటుంది, దాన్ని బోరు నీళ్లలో కలిపితే ఆ నూనె, నీటిలోని కాల్షియం రెండూ డోసింగ్ నాజిల్‌ను, క్యాటలిస్ట్‌ను మూసేస్తాయి. ఆ క్యాటలిస్ట్ ధర ముందు ఏ ఆదా నిలబడదు. అసలైనది కూడా ఎండలో పాడవుతుంది: 25 డిగ్రీల్లో 18 నెలలు, 30లో 12 నెలలు, 35లో 6 నెలలు మాత్రమే నిలుస్తుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టిన బకెట్ కొనకండి, తయారీ తేదీ చూడండి. యూరియా రిఫ్రాక్టోమీటర్ చిన్న పరికరం, ఒక చుక్క వేస్తే శాతం చెబుతుంది. శాతం సరిగ్గా ఉన్నా నీళ్లు మురికివి కావచ్చు, కాబట్టి అది సగం పరీక్షే. ఖర్చు కూడా రాసుకోండి. 100 లీటర్ల డీజిల్‌కు సుమారు 4 నుంచి 6 లీటర్ల యూరియా పోవాలి. ఒక్కసారిగా తగ్గిపోతే ఆదా అయిందని సంతోషించకండి, డోసింగ్ ఎక్కడో మూసుకుపోతోంది.

పొరపాటున యూరియా ట్యాంకులో డీజిల్ పోస్తే తాళం కూడా తిప్పకండి. తాళం తిప్పగానే పంపు తిరిగి లైన్లన్నింటిలోకి లాగేస్తుంది. ట్యాంకు దగ్గరే ఆపితే కడిగి సరిపెట్టుకోవచ్చు.

ఫిల్టర్లు కొనేటప్పుడు కంపెనీ అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లుతో కొనండి. డబ్బా మీద పార్టు నంబరు, ఎంఆర్‌పీ, బ్యాచ్ ముద్ర స్పష్టంగా ఉండాలి. పాత ఫిల్టర్‌ను పక్కన పెట్టి మడతల సంఖ్య, బరువు, రబ్బరు రింగు మందం పోల్చండి. నకిలీలో సాధారణంగా కాగితం మడతలు తక్కువగా ఉంటాయి. పని అయ్యాక ఖాళీ డబ్బాలు చింపేయండి, ఆయిల్ క్యాన్లకు మేకుతో చిల్లు పెట్టండి. మంచి డబ్బా మంచిగా వదిలితే అది మళ్లీ నిండి ఇంకొకరి బండికి చేరుతుంది.

కూలెంట్‌లో నీళ్లు కలపడం వద్దు. మన దగ్గర బోరు నీళ్లు గట్టివి, పొలుసు కడతాయి. అంతకంటే ముఖ్యం, తడి లైనర్లున్న ఇంజిన్‌లో కూలెంట్‌లోని రసాయనాలు పలచబడితే లైనరు బయటి గోడకు సూదిమొన గుంటలు పడి, చివరికి కూలెంట్ ఆయిల్‌లోకి వస్తుంది. రెడీమిక్స్ పోయండి, లేదా గాఢమైనది కొని డీమినరలైజ్డ్ నీళ్లతో సగం సగం కలపండి. రంగు చూసి కొనకండి, ఆకుపచ్చ, గులాబీ అనేది ఏ స్టాండర్డూ కాదు. మాన్యువల్‌లో రాసిన రకం పేరు చూడండి, రెండు రకాలు కలపకండి. ఈ పని బయటే చేయించండి.

ఫీలర్_గేజ్

డీపీఎఫ్ లైటు నాలుగు రోజులకోసారి వస్తుంటే బటన్ నొక్కి సరిపెట్టుకోవడం ఆపి, మొదటి షోరూం విజిట్ దీనికే పెట్టుకోండి. మీ లిస్టులో షోరూంకు అసలైన పని ఇదే.

ఇలా ఎందుకు అవుతుందంటే, ఐడ్లింగులో ఎగ్జాస్ట్ వేడి చాలదు, మసి తనంతట తాను కాలదు, పేరుకుంటుంది. మీరు ఔటర్ దగ్గర గంటలకొద్దీ నిలబెట్టడం ఒక కారణం. కానీ కారణం అదొక్కటేనని ఇప్పుడే తేల్చకండి. ఇంజెక్టరు కారుతున్నా, టర్బో సీలు ఆయిల్ వదులుతున్నా, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) ఇరుక్కున్నా మసి ఎక్కువే వస్తుంది. ఇవేవీ లేకుండా డీపీఎఫ్ ముందూ వెనకా ప్రెషర్ చూసే సెన్సారు రబ్బరు గొట్టం చీలినా లెక్క తప్పుతుంది, అది కొన్ని వందల రూపాయల పని. స్కానర్‌లో ఇవి పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏదో తెలుస్తుంది: సిలిండర్ల వారీ ఇంజెక్టర్ కరెక్షన్, రెండు రీజెన్‌ల మధ్య దూరం, మసి లోడు, బూడిద లోడు, ప్రెషర్ తేడా. మసి తక్కువగా ఉండి బూడిద ఎక్కువగా ఉంటే రీజెన్ ఎన్నిసార్లు చేసినా లాభం లేదు, డీపీఎఫ్ దించి యంత్రం మీద శుభ్రం చేయించాలి. ఆమ్లం పోసి, ప్రెషర్ వాటర్ కొట్టి కడుగుతామనే షాపులకు ఇవ్వకండి, లోపలి సెరామిక్ మీది క్యాటలిస్ట్ పూత ఊడిపోతుంది.

స్కానింగ్ దాకా రెండు జాగ్రత్తలు. లైటు వెలిగాక రీజెన్ మొదలైతే మధ్యలో ఇంజిన్ ఆపకూడదు. సగంలో ఆపిన ప్రతిసారీ కాలని డీజిల్ ఆయిల్‌లోకి దిగే ఇంజిన్లు ఉన్నాయి. డిప్‌స్టిక్ రోజూ చూడండి, ఆయిల్ పెరిగినట్టు కనబడితే అది డీజిలే, వెంటనే ఆయిల్ మార్చాలి. నిలబెట్టి రీజెన్ చేసేటప్పుడు ఎండుగడ్డి, చెత్త, టార్పాలిన్ తాడు సైలెన్సర్ దగ్గర ఉండకూడదు, అక్కడ వేడి 500 డిగ్రీలు దాటుతుంది.

డీపీఎఫ్ ఖాళీ చేసి, సాఫ్ట్‌వేర్ మార్చి లైటు రాకుండా చేస్తామనేవాళ్లు తగులుతారు. అలాంటి బండిని రోడ్డు మీద నడపడం మోటారు వాహనాల చట్టం 190(2) కింద నేరం. అలా మార్చాక ఇంజెక్టరు కారుతున్నా మీకు చెప్పడానికి ఏ లైటూ మిగలదు, పిస్టన్ కరిగాక తెలుస్తుంది.

ఆరుటైర్ల_బండి

సరే. సోమవారం స్కానింగుకు మాత్రమే షోరూంకు పంపుతున్నా, ఐదు రీడింగులూ జాబ్ కార్డులో రాయిస్తా. ప్రింటు వచ్చాక ఇక్కడ పెడతా. ఆ తర్వాతే ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు ఆటోనగర్‌లో. హబ్ తప్ప మిగతా చోట్ల గ్రీజు సంగతి ఎవరూ చెప్పలేదు, అది పంపు ఉన్న ఏ షాపులో కొట్టించినా ఒకటేనా?

ఎయిర్_ట్యాంక్

ఒకటి కాదు. ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి కింగ్ పిన్నుకు (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్నుకు) కొట్టాలి, బరువు మీద ఉండగా కొడితే నొక్కుకున్న వైపు గ్రీజు వెళ్లదు. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లకు నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి రావాలి. మూడే వస్తే నాలుగోది ఎండిపోయి ఉన్నట్టు, ఆ క్రాస్ పోయే దారిలో ఉంది. కమాన్ (స్ప్రింగు పట్టీల) పిన్నులకు తాజా గ్రీజు కనబడేదాకా కొట్టించండి. బ్రేక్ కామ్ బుష్‌కు మాత్రం రెండు, మూడు కొట్లు చాలు, ఎక్కువైతే లైనర్ల మీదికి వస్తుంది. నిపిల్ మూసుకుపోయి ఉంటే పక్కనుంచి కారేది చూసి "కొట్టాం" అంటారు, కాబట్టి ముందు గుడ్డతో తుడిపించండి.

చక్రాలు విప్పితే నట్లు టార్క్ రెంచితో బిగించమనండి. ఎం22 నట్లకు చాలా బండ్లలో 600 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, మీది మాన్యువల్‌లో చూడండి. రిమ్ముకు, డ్రమ్ముకు మధ్య కొత్త పెయింటు ఉంటే గీకించండి, ఆ పెయింటు నలిగి నట్టు వదులవుతుంది. 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత డ్రైవరు మళ్లీ ఒకసారి బిగించాలి. ఆటోనగర్ నుంచి విజయవాడ రోడ్డు ఎక్కితే నార్కట్‌పల్లిలో ఆగి చేయించండి.